సంగవి రానన్న రోజు

ఇప్పటికీ కోవిల్‌పట్టిలో ఎండ మండితే ముత్తురామన్‌కి సంగవి అతని ఇంటి మేడగదిలో అద్దెకు దిగిన మధ్యాహ్నమే గుర్తొస్తుంది. సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

విరుదునగర్‌లో అనాథ పిల్లల హోమ్‌లో పెరిగిన పిల్ల. పద్దెనిమిది నిండాయి, ఇక బయటికి రావాలి. అలా బయటికొచ్చే పిల్లల మంచిచెడ్డలు చూసే పరమేశ్వరి ఆమెకు వేరుశనగ మిఠాయి కంపెనీలో ప్యాకింగ్ పని ఇప్పించి, పిల్లదీ తెలుగే, ఇదీ తెలుగిల్లే కదా అని ఇక్కడ గది కుదిర్చింది.

పెట్టె దించగానే సంగవి కిందికొచ్చింది. "అన్నా, ఫ్యాన్ వేసుకోనా?"

అంత ముద్దొచ్చే పిల్ల 'అన్నా' అనేసరికి ముత్తురామన్‌కి ఒళ్లు మండింది. "వద్దు. మా ఇంట్లో ఫ్యాన్‌కి పర్మిషన్ లేదు," అన్నాడు.

గంట కొడితే తిని, గంట కొడితే పడుకున్న పిల్లకు అది వేళాకోళమని తెలియలేదు. సాయంత్రం అతని అమ్మ వీరమ్మాళ్ కాఫీ పట్టుకుని మేడెక్కేసరికి ఆ పిల్ల చెమటతో తడిసి ముద్దయి కూర్చునుంది.

"నీకు బుద్ధుండాదారా?" అని వీరమ్మాళ్ పెట్టిన చివాట్లు వీధంతా విన్నది.

తర్వాతి రెండేళ్లూ బ్యాంకు పని, గ్యాస్ బుకింగు అతనే నేర్పాడు. ఆ 'అన్నా' ఎప్పుడు రాలిపోయిందో ఇద్దరూ గమనించనట్టు నటించారు.

ప్రేమించాడు గానీ అడగలేదు. ఎవరేమడిగినా సంగవి 'సరి' అనేది. ఆదివారం పనికి రమ్మంటే సరి, నచ్చని చీర కొనిస్తే సరి. పెళ్లికీ అలాగే తలూపేస్తే? ఆ భయం అతన్ని నిద్రపోనివ్వలేదు.

ఒక వాన సాయంత్రం, మెట్ల కింద నిలబడి, "ఆదివారం అమ్మా నేనూ కళుగుమలై గుడికి పోతుండాము. నువ్వూ రా," అన్నాడు.

"నేను రాను."

"ఏమి?"

"హోమ్‌లోనుంచి కొత్తగా ఒక బిడ్డ బయటికి వస్తాది. నేనే పోయి తోడుకోని రావల."

ముత్తురామన్ పకపకా నవ్వాడు.

"రానంటే నవ్వు వస్తాదా మీకు?"

"రెండేండ్లుగా దీనికే కాచుకోని ఉండాను సంగవీ. నీకు వద్దనేది తెలిసినాకే అడగవలని."

"ఏమి అడగవల?"

"నన్ను కట్టుకుంటావా?"

వాన చూరు మీంచి ధారగా కారుతోంది. సంగవి ఆ ధార కింద అరచెయ్యి పట్టింది.

"ఇప్పుడు వద్దు," అంది. "ఒక్క ఏడాది నా సంపాదనతో, నా ఇష్టానికి ఉండి చూస్తాను. తర్వాత మీరు అడగవద్దు. నేనే అడుగుతాను."

ఏడాది నిండడానికి ఇంకా ఇరవై రోజులుండగానే అడిగింది.