తొంభై ఎనిమిది మీద ముల్లు

మండపేటలో డాక్టర్ శ్యామలాంబగారి నర్సింగ్ హోమ్ వెనక ఒక బట్టల గది ఉండేది. చీకటి పడితే అటు ఎవరూ వెళ్ళేవారు కాదు. నర్సులు కూడా వసారా చివరిదాకా వచ్చి, మాసిన దుప్పట్ల మూట అక్కడ పడేసి వెనక్కి తిరిగేవారట.

ఆ గదికి ముందునుంచీ మంచి పేరు లేదు. ఆస్పత్రి కొత్తలో, పోయినవాళ్ళని బండి వచ్చేదాకా అందులోనే పడుకోబెట్టేవారు. తర్వాత సున్నం వేయించి బట్టల గది చేశారు. సున్నం వేస్తే గోడ తెల్లబడింది గానీ పేరు అలాగే ఉండిపోయింది.

ఎనభై మూడో సంవత్సరం అక్టోబరు వానల్లో ఆ భయం ముదిరింది. రాత్రిళ్ళు గోడలోంచి ఏడుపు వినిపిస్తోందన్నారు. పిల్లి ఏడుపులా ఉంది... కానీ పిల్లి కాదు. బట్టలారబెట్టే మిషను దానంతటదే తిరుగుతోందన్నారు. తెల్లారి తలుపు తీస్తే లోపల ఎవరూ ఉండరు. మిషను మాత్రం వెచ్చగా ఉంటుంది.

ఇదంతా నాకు చెప్పింది జోగేశ్వరరావుగారు. రాజమండ్రిలో ఫ్రిజ్‌లు, మోటార్లు బాగుచేసే మెకానిక్ ఆయన. చాలా ఏళ్ళ తర్వాత, గోదావరి స్టేషన్లో మా రైలు లేటయిన పూట చెప్పారు. దెయ్యాల మాట ఎత్తితే నవ్వేసే మనిషి. ఆ రోజు నవ్వలేదు.

ఆ మిషను విశాఖలో విప్పేసిన ఓడలోంచి వేలంలో కొన్నది. బీరువా అంత ఉంటుంది. దుప్పట్లు లోపల వేసి తిప్పితే, వేడిగాలికి అరగంటలో ఆరిపోతాయి. పైన గుండ్రటి డయల్, అందులో ముల్లు. వేడి నూట అరవై ఫారెన్‌హీట్ డిగ్రీలకి చేరగానే హీటరు దానంతటదే ఆగాలి. పది రోజులుగా ఆగడం లేదు. దుప్పట్లు మాడిపోతున్నాయి.

మర్నాడు రెండు ఆపరేషన్లు ఉన్నాయి. వారం రోజులుగా ముసురు, బయట ఒక్క గుడ్డ ఆరడం లేదు. డాక్టరుగారు మనిషిని పంపితే, జోగేశ్వరరావుగారు మధ్యాహ్నం బస్సెక్కారు. దారిలో కాలవ గట్టు తెగి, బస్సు చేరేసరికి రాత్రి ఎనిమిది.

చాకలి వెంకటరాజు లాంతరు పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు.

"మీరు చూసుకోండి. పొద్దున్నే వస్తానండి," అన్నాడు.

"ఏంటయ్యా నీ భయం?"

"ఆ ముల్లు చూడండి. మిషను ఆపేసి నాలుగు గంటలైంది. ముల్లు ఎక్కడుందో మీరే చూడండి." అంతే. లాంతరు కిందపెట్టి వెళ్ళిపోయాడు.

ముల్లు తొంభై ఎనిమిది మీద ఉంది.

జోగేశ్వరరావుగారు మిషను రేకు మీద చెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉంది. సంచిలోంచి తన థర్మామీటరు తీసి లోపల వేలాడదీశారు. డెబ్బై ఆరు. డయల్ మీద మాత్రం తొంభై ఎనిమిది. ముల్లు ఇరుక్కుపోయిందేమో అనుకుని అద్దం మీద గోటితో కొట్టారు. ముల్లు వణికి... మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడింది.

హీటరు వేశారు. పావుగంటకి లోపల చెయ్యి పెట్టలేనంత వేడి. తన థర్మామీటరులో నూట డెబ్బై. డయల్ ముల్లు తొంభై ఎనిమిది దగ్గరే చిన్నగా అటూ ఇటూ కదులుతోంది.

"చచ్చిన ముల్లయితే కదలదు కదండీ," అన్నారాయన నాతో. "అది కదులుతోంది. దేని వేడో చూస్తోంది. కానీ మిషను వేడి కాదు. తొంభై ఎనిమిదంటే ఏంటో మీకు తెలుసుగా... మనిషి ఒంటి వేడి."

ఆ డయల్‌కి వేడి సంగతి తెలిపేది చిటికెన వేలంత రాగి గొట్టం. దాన్నుంచి సన్నటి రాగి తీగ డయల్ దాకా వస్తుంది. ఆ గొట్టం మిషను వెనక వేడిగాలి బయటకు పోయే పైపులో ఉండాలి. ఆయన టార్చి వేసి మిషను వెనక్కి దూరారు. పైపులో ఉండాల్సిన గొట్టం లేదు. దాన్ని బిగించే మరలు విప్పి, జాగ్రత్తగా అంచున పెట్టి ఉన్నాయి. రాగి తీగ మాత్రం వేడిగాలి పైపు వెంటే వెళ్ళి, గోడలో చిన్న కన్నంలోంచి అవతలికి పోయింది.

గోడకి అవతల పాత సామాను గది. వేడిగాలి పైపు కూడా ఆ గదిలోంచే బయటకు పోతుంది. దానికి దారి పెరటి వైపునుంచి.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మిషను మూలిగి ఆగింది. లాంతరు ఎప్పుడు కొండెక్కిందో ఆయన చూసుకోలేదు. బయట వాన. కరెంటు రాకపోతుందా అని, టార్చి డయల్ మీద వేసి కూర్చున్నారు.

పావుగంట... ఇరవై నిమిషాలు...

ముల్లు కదిలింది. తొంభై ఏడు. ఇంకాసేపటికి తొంభై ఆరు. ఎవరో ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు. తొంభై అయిదు.

అప్పుడు గోడ అవతలినుంచి ఒక గొంతు...

"ముల్లు ఎంతలో ఉందండీ?"

సన్నటి గొంతు. ఆడపిల్లది. గోడకి నోరు ఆనించి అడిగినట్టు.

జోగేశ్వరరావుగారు టార్చి గోడ కన్నం వైపు తిప్పారు. ఎందుకు చెప్పారో ఆయనకే తెలియదు. "తొంభై నాలుగు," అన్నారు.

తర్వాత ఇంకా మెల్లిగా...

"చల్లబడిపోతున్నాడండీ... రండి."

ఆయన పారిపోదామనే లేచారు. ఆ మాట నాతో దాచలేదు. కానీ గుమ్మం దాటాక కాళ్ళు పెరటి వైపే తిరిగాయి.

సామాను గదికి బయటినుంచి తాళం వేసి ఉంది.

తాళం మీద టార్చి వేసి నిలబడ్డారు. వెనకనుంచి అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే, వానలో గోనె కప్పుకుని, చేతిలో నిప్పుల కుంపటితో ఒక ముసలావిడ. ఆస్పత్రి ఆయా, సంపూర్ణమ్మ. ఆయన్ని చూసి కుంపటి జారవిడవబోయింది.

"తలుపు తియ్యి," అన్నారాయన. "లోపల ఎవరో చల్లబడిపోతున్నాడట."

ఆవిడ కొంగున కట్టిన తాళంచెవి తీసింది.

లోపల గోడ వారగా వేడిగాలి పైపు. దాని పక్కన దూది వచ్చే చెక్కపెట్టె. పెట్టెలో దూది మధ్య, రెండు అరచేతుల్లో పట్టేంత... ఒక మగబిడ్డ. వాడి చంకలో గుడ్డ చుట్టిన రాగి గొట్టం.

సంపూర్ణమ్మ పెట్టె పక్కన కూలబడింది. ఏడో నెలలో పుట్టాడు. ఊపిరి లేదని డాక్టరుగారు గుడ్డలో చుట్టి, పూడ్పించమని ఇచ్చారు. మనిషి వచ్చేదాకా మూటని తిరుగుతున్న మిషను మీద పెట్టింది. ఆ వేడికి మూట కదిలింది. అది జరిగి పది రోజులు. దూది వత్తితో పాలు పోస్తోంది. రాత్రంతా మిషను తిప్పి పెట్టె వెచ్చబెడుతోంది. మిషను ఆపి ఉన్నప్పుడు పక్కన వేడినీళ్ళ సీసాలు పెడుతోంది; ఈ రాత్రి అవి చల్లారిపోయాయి. పగలు బట్టల గదిలో పని చేస్తూ, ఎవరికీ తెలియకుండా ముల్లు చూసుకుంటోంది.

"నాకు అంకెలు రావు బాబూ. ముల్లు ఎక్కడుంటే వాడు వెచ్చగా ఉంటాడో అది తెలుసు. మిషన్లో వేడి చూసేది ఆ గొట్టమేనని నువ్వే కదా పోయినేడు వెంకటరాజుకి చెప్పావు. నేను పక్కనే ఉన్నాను."

"డాక్టరుగారికి ఎందుకు చెప్పలేదు?"

"ఒకసారి పోయాడన్నారు. మళ్ళీ ఆ చేతుల్లో పెట్టడానికి మనసొప్పలేదు."

"ఈ రాత్రికి కరెంటు రాదు. ఈ గదిలో కుంపటి పెడితే పొగకే పోతాడు," అన్నారాయన. చొక్కా గుండీలు విప్పి, బిడ్డని గుండెకి ఆనించుకున్నారు. తడిసిన కప్పపిల్లలా ఉన్నాడట. ఆవిడ కుంపటి వదిలేసి, ఆయన మీద గోనె పట్టుకుని వెంట పరుగెత్తింది.

శ్యామలాంబగారు లాంతరు వెలుగులో స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు.

"వీణ్ణి నేనే చూశాను," అన్నారు. "నేనే చూసి... లేడన్నాను."

సంపూర్ణమ్మ తల వంచుకుంది. డాక్టరుగారు బిడ్డని ఒంటికి ఆనించుకుని, పైన రగ్గు కప్పుకుని, తెల్లవార్లూ కుర్చీలోనే కూర్చున్నారు. వేడినీళ్ళ సీసాలు మారుస్తూ సంపూర్ణమ్మ కింద కూర్చుంది. నాలుగున్నరకి బిడ్డ ఏడిచాడు. నర్సులందరికీ వినపడేలా ఏడిచాడు.

నెల తిరిగేసరికి లంక ఊరినుంచి అమ్మమ్మ వచ్చి తీసుకెళ్ళిందట. పిల్లాడు బతికాడు. బాగానే పెరిగాడు.

ఆ తెల్లవారుజామున కరెంటు వచ్చింది. జోగేశ్వరరావుగారు రాగి గొట్టాన్ని మళ్ళీ పైపులో బిగించారు. మిషను తిప్పితే ముల్లు మెల్లిగా ఎక్కింది. నూట అరవై దగ్గర టిక్కుమని హీటరు ఆగింది. సామాను సర్దుకుంటుంటే సంపూర్ణమ్మ టీ తెచ్చింది.

"ఆ పిల్ల ఏది? రాత్రి కంగారులో చూడనే లేదు," అని అడిగారు. "నువ్వు కుంపటి కోసం వెళ్ళినప్పుడు లోపల కాపలా పెట్టావే... ఆ పిల్ల పిలవకపోతే నేను అటు వచ్చేవాణ్ణే కాదు."

"లోపల ఎవరున్నారు బాబూ? బయట తాళం వేసి వెళ్ళాను. నువ్వూ చూశావుగా."

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు.

"వాడి తల్లి ఎక్కడుంది?"

"తల్లి లేదు బాబూ. కాన్పులోనే పోయింది. మీనాకుమారి... పద్దెనిమిదేళ్ళు కూడా లేవు. కడుపులోవాడు బతికాడా అని అడుగుతూనే పోయింది. ఎవరూ జవాబు చెప్పలేదు."

బస్సుకి టైమైపోతోంది. జోగేశ్వరరావుగారు సంచి గుమ్మంలో పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళారు. మిషను వెనక్కి దూరి, గోడలో కన్నం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"తొంభై ఎనిమిదమ్మా," అన్నారు మెల్లిగా. "పాలు తాగాడు."

అవతలినుంచి ఏమీ వినపడలేదు. ఎవరో చాలాసేపు పట్టి ఉంచిన ఊపిరి వదిలినట్టు... ఆ కన్నంలోంచి వెచ్చటి గాలి ఒక్కసారి ఆయన మొహానికి తగిలింది.

మిషను అప్పటికే ఆపేసి ఉంది.