రోజుకొక్క రిపేరు

పెళ్లిచూపులకు వచ్చినవాడు పిల్లను చూడాలి. ఉవైస్ స్పీకర్లను చూస్తున్నాడు.

ఫరా షర్బత్ గ్లాసులతో హాల్లోకి వచ్చేసరికి అతను మెడ ఓ పక్కకు వంచి, షోకేసు పైన రెండు మూలల్లో గులాబీపూల బట్ట కప్పి కూర్చోబెట్టిన నల్లటి పెట్టెలకేసి కళ్లార్పకుండా చూస్తున్నాడు. వాటిలోంచి పాత ఖవ్వాలీ ఒకటి వస్తోంది. వస్తోందనడమే గానీ, ధన్‌ధన్‌మనే తబలా తప్ప ఒక్క మాటా తెలియడం లేదు.

ఆ స్టీరియో ఫరా తండ్రి బాబామియా ప్రాణం. జీవితమంతా గద్వాల నుంచి బస్సు నడిపి, రిటైరైన నెలలోనే ముచ్చటపడి కొనుక్కున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు పాట, తర్వాతే చాయ్. నాగర్‌కర్నూల్ నుంచి పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లయినా సరే.

"ఎట్లుంది బేటా సౌండు?" అని గర్వంగా అడిగాడు.

ఉవైస్ తల్లి కొడుకును మోచేత్తో పొడిచింది. అతనికి తెలియలేదు.

"సౌండు మస్తుంది అంకుల్. గని క్లారిటీ లేదు. పాడేటాయన నోట్ల బట్ట కుక్కినట్టుంది. మీకు మాటలు ఇనవడుతున్నయా?"

బాబామియా ముఖం కందగడ్డలా అయింది. రిమోట్ నొక్కి పాట ఆపేశాడు.

"నాకు మంచిగనే ఇనవడుతున్నయి," అన్నాడు.

చాయ్ తాగి అందరూ లేచారు. గుమ్మం దగ్గర ఉవైస్ ఒక్క క్షణం ఆగి, మొదటిసారి ఫరా ముఖంలోకి చూశాడు.

"సారీ," అన్నాడు మెల్లగా. "షర్బత్ మంచిగుండె."

ఫరా వంటింట్లోకి పరుగెత్తి, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సౌండు బాగాలేదని ఆమె ఎన్ని నెలలుగానో చెబుతోంది. వచ్చిన చుట్టాలందరూ "వాహ్ వాహ్" అనేవాళ్లే తప్ప, నిజం చెప్పినవాడు ఇతనొక్కడే.

ఈ సంబంధం తెచ్చింది మల్దకల్‌లో ఉండే ఆమె పిన్ని మహమూదా. ఫరాకు తల్లి లేదు కాబట్టి సంబంధాలు చూసే పని ఆమె నెత్తిన వేసుకుంది.

"ఆ పిల్లగాని మాట నా ముందర ఎత్తకు మహమూదా," అని బాబామియా తేల్చేశాడు.

సాయంత్రం ఫరా పిన్ని పక్కన చేరింది. "ఖాలా, ఆయన నంబరియ్యి."

"ఎందుకే?"

"స్పీకర్ల రిపేరుకు."

మహమూదా ఆమెను ఎగాదిగా చూసింది. "స్పీకర్లకేనా?" అంటూనే నంబరు ఇచ్చింది.

*

ఉవైస్‌ది నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర మెడికల్ షాపు. ఫరా ఫోన్ చేసేసరికి ఎవరికో దగ్గుమందు ఇస్తున్నాడు.

"నేను గద్వాల నుంచి ఫరాను. మా ఇంట్ల పేషెంటు ఉంది. మీరు జబ్బు పేరు చెప్పిండ్రు, మందు చెప్పకుంట పోయిండ్రు."

అవతల సీసా ఏదో కిందపడిన చప్పుడు.

"స్పీకర్లా?" అన్నాడు ఆఖరికి.

"మీకెట్ల తెల్సు ఇదంత?"

"హాస్టల్ల ఉన్నప్పుడు స్పీకర్లు చేసుడు పిచ్చి. పిచ్చి పోయింది, చెవులు మిగిలినయి. సరే చెప్పుండ్రి. స్పీకర్ల మీద గులాబీపూల బట్ట కప్పిండ్రు కద, అదెవరు కుట్టిండ్రు?"

"నేనే. దుమ్ము పడొద్దని."

"పూలు మస్తున్నయి. గని ముందర ఆ బట్ట తియ్యుండ్రి. మాటలన్నీ ఆ పూలల్లనే ఇరుక్కుంటున్నయి."

ఫరా బట్ట తీసింది. కొంచెం తేడా తెలిసింది. ఆ సంగతి చెప్పడానికి మర్నాడు మళ్లీ ఫోన్ చేసింది.

"ఇప్పుడు వాటిని షోకేసు మీదికెళ్లి దించుండ్రి. మూలల పెడితే ధన్‌ధన్ ఎక్కువయితది. గోడకు జర దూరంగ, కూసున్నోళ్ల చెవులకు సమంగ ఉండాలె."

ఫరా రెండు స్టూళ్లు తెచ్చి వాటిమీద పెట్టింది. నమాజు నుంచి వచ్చిన బాబామియా నడుం మీద చేతులు వేసుకుని చూశాడు.

"గదేంది? స్పీకర్లకు కుర్చీలేసినవ్?"

"షోకేసు తుడుస్తున్న అబ్బా. రేపు పైన పెడత."

ఆ రేపు రాలేదు. బాబామియా కూడా పెట్టమని అడగలేదు. ఎవరూ చూడడం లేదనుకుని ఆయన స్పీకర్ల ముందు కూర్చుని, తల అటూ ఇటూ తిప్పి వినడం ఫరా తలుపు సందులోంచి చూసింది.

ఆ పైరోజు ధన్‌ధన్‌మనే బేస్ తగ్గించమన్నాడు ఉవైస్. దాని మీటను బాబామియా ఎప్పుడూ చివరిదాకా తిప్పి ఉంచేవాడు. ఆ తర్వాత పాట ఫైలే సరిగా లేదేమో, వేరేది వేసి చూడమన్నాడు. రోజుకో సలహా. సలహా నిమిషంలో అయిపోయేది, ఫోన్ మాత్రం గంటయినా ఆగేది కాదు. ఆమె బడిలో చెప్పే లెక్కల గురించి, అతని షాపుకు వచ్చి జ్వరానికి బదులు ఇంటి కష్టాలు చెప్పుకునే ముసలమ్మల గురించి, రెండు ఊళ్లలోనూ ఒకేసారి పడుతున్న వాన గురించి మాట్లాడుకునేవాళ్లు.

"డాక్టర్ సాబ్, ఇంక ఎన్ని రోజులు ఈ ట్రీట్‌మెంటు?" అని ఆటపట్టించేది ఫరా.

"మొండి జబ్బు. తొందరపడితే ఎట్ల?" అనేవాడతను.

ఇంతలో మహమూదా రాయచూరు సంబంధం కబురు తెచ్చింది. శుక్రవారం సాయంత్రం వాళ్లు పిల్లను చూడ్డానికి వస్తారు. బాబామియా సరేనన్నాడు. ఫరా ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

"శుక్రవారం రాయచూరోళ్లు వస్తుండ్రు, నన్ను చూడనీకి," అని ఉవైస్‌కు మెసేజ్ పెట్టింది.

చూశాడు. జవాబు లేదు. మర్నాడు పొద్దున ఒక్క ముక్క వచ్చింది: "స్పీకర్ల వెనక వైర్లు చూడుండ్రి. రెండింటికీ ఎర్రది ఎర్రదాంట్ల, నల్లది నల్లదాంట్ల ఉండాలె."

అంతే. ఫరాకు కళ్లు మండాయి. ఈయనకు వైర్లు తప్ప మనుషులు కనపడరా? కోపంగా ఫోన్‌ను మంచం మీదకు విసిరి, బడికి వెళ్లిపోయింది.

*

శుక్రవారం మధ్యాహ్నం బాబామియా జుమా నమాజు నుంచి తడుస్తూ వచ్చాడు. మహమూదా అప్పటికే వచ్చి దీవాను మీద కూర్చుని బాదంపప్పు ఒలుస్తోంది. బడికి సెలవు పెట్టి, చేయడానికి ఇంకేం తోచక, ఫరా స్పీకర్ల వెనక వంగి చూసింది. ఒకదానికి వైర్లు తారుమారుగా ఉన్నాయి. ఎర్రది నల్లదాంట్లో, నల్లది ఎర్రదాంట్లో. మార్చి బిగించింది.

"అయ్యిందా? ఏదన్న ఒక పాట పెట్టు," అన్నాడు బాబామియా, ఏమీ పట్టనట్టు.

ఆమె తన ఫోన్‌ను బ్లూటూత్‌తో స్టీరియోకు కలిపి ఖవ్వాలీ పెట్టింది.

పాడే మనిషి గదిలోకి నడిచివచ్చి, రెండు స్టూళ్ల మధ్య కూర్చున్నట్టే ఉంది. ప్రతి మాటా, మాటకూ మాటకూ మధ్య అతను తీసే ఊపిరీ వినబడుతున్నాయి. బాబామియా తువ్వాలుతో తల తుడుచుకోవడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. పాట అయిపోయాక కూడా కదల్లేదు.

అప్పుడే ఫోన్ మోగింది. ఉవైస్ నుంచి వాయిస్ మెసేజ్. వైర్ల గురించే అయ్యుంటుందనుకుంది ఫరా. నొక్కి, ఫోన్ చెవికి పెట్టుకుంది.

చెవిలో ఏమీ వినబడలేదు. హాలంతా వినబడింది.

"ఫరా గారూ, ఒక నిజం చెప్పాలె. వైర్ల సంగతి నాకు పెళ్లిచూపుల దినమే తెల్సు. ఒక్క ఫోన్ల అంత చెప్పొచ్చు. చెప్తే మీరు మళ్ల ఫోన్ చెయ్యరని రోజుకొక్కటి చెప్పిన..."

ఫరా ఆపబోతే ఫోన్ చేతిలోంచి జారి దీవాను కిందికి పోయింది. ఆమె నేలమీద పడుకుని చెయ్యి చాచింది. అందలేదు. స్పీకర్లు మాత్రం తాపీగా మాట్లాడుతూనే ఉన్నాయి.

"...మీరు రాయచూరోళ్లు వస్తుండ్రంటే ఏం రాయాలెనో తెల్వక వైర్ల గురించి రాసిన. రాత్రంత నిద్ర పట్టలే. మీ అబ్బా ముందర గట్ల అనుడు నా తప్పు. వచ్చి చేతులు పట్టుకొని మాఫీ అడుగుత. మీరు మాత్రం రాయచూరోళ్లకు హా అనకుండ్రి. నేను మిమ్మల్ని ఇష్టపడుతున్న. గంతే."

మహమూదా బాదంపప్పు నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది. ఫరా లేవకుండా, దీవాను కిందే ఉండిపోతే బాగుండుననుకుంది.

"లెవ్ బేటీ," అన్నాడు బాబామియా.

లేచింది. తండ్రి ముఖం చూడలేకపోయింది.

"ఒక్క అక్షరం పోలే," అన్నాడాయన. "అన్నీ ఇన్న. ఫరా, నా చెవులు పోలేదే!"

"అదేంది అబ్బా?"

బాబామియా దీవాను మీద కూలబడ్డాడు. "ఇన్నేండ్లు ఇంజను పక్కన కూసున్న. ఈ డబ్బా కొన్నప్పటి నుంచి పాటల మాటలు తెలుస్తలేవు. చెవులు పోయినయనుకున్న. నీకు చెప్తే పరేషాన్ అయితవని, నన్ను దవాఖానకు గుంజుకపోతవని, మంచిగుంది మంచిగుంది అనుకుంట వచ్చిన. ఆ పిల్లగాడు మాటలు ఇనవడుతున్నయా అని అడిగితే, నా చెవుల సంగతి పసిగట్టిండు, అందరి ముందర బయటపెట్టిండు అనుకున్న. గందుకే గంత కోపమొచ్చింది."

ఫరా వచ్చి తండ్రి మోకాళ్ల దగ్గర కూర్చుంది. ఎన్ని రోజులు ఆయన ఒక్కడే ఆ భయాన్ని మోశాడో అనుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"వైర్లు అబ్బా. వట్టి వైర్లు."

"ఆ వైర్లు పెట్టింది కూడ నేనే కద," అని నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కూతురి తలమీద చెయ్యి వేశాడు. "నువ్వేమంటవ్? నీకు నచ్చిండా?"

ఫరా తల ఊపింది.

"నోటితో చెప్పు. ఇప్పుడు నాకు మంచిగ ఇనవడుతది."

"నచ్చిండు అబ్బా."

మహమూదా అప్పటికే రాయచూరుకు ఫోన్ కలిపేసింది. వాళ్లు ఇంకా బయలుదేరలేదు. అల్లా దయ అనుకుంటూ, నాలుగు మర్యాద మాటలు చెప్పి మాన్పించింది.

బాబామియా చీపురుకట్టతో దీవాను కింది ఫోన్‌ను తీసి, మైకు గుర్తు మీద వేలు ఉంచి, సభలో మాట్లాడేవాడిలా గొంతు సవరించుకున్నాడు. "ఉవైస్, నేను ఫరా వాళ్ల అబ్బాను. నీ మెసేజ్ నేనూ ఇన్న. ఆదివారం మీ అమ్మీని తోల్కొని రా."

పంపి, ఫోన్ కూతురి చేతిలో పెట్టాడు. నిమిషం తిరక్కుండానే మోగింది. ఫరా ముందు స్టీరియో నుంచి ఫోన్‌ను విడదీసి, వాన పడుతున్న వరండాలోకి పరుగెత్తింది.

"మీ అబ్బా... మొత్తం ఇన్నరా?" ఉవైస్ గొంతు పీలగా ఉంది.

"ఖాలా కూడ ఇన్నది. మీ రిపేరు గంత మంచిగ అయ్యింది."

"నిజంగనే రమ్మంటుండ్రా?"

"అబ్బా రమ్మంటుండు." చూరు నీళ్లు ఆమె కాళ్లమీద చిందాయి. "నేను కూడ రమ్మంటున్న."

అవతల అతను నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది.

"ఆదివారం బిర్యానీ నేనే వండుతున్న," అంది.

"ఒకవేళ ఉప్పెక్కువైతే?"

"ఎక్కువైందనే చెప్పుండ్రి. గట్ల చెప్తరనే కద మీకు ఫోన్ చేసింది."