వీపుల వెనక సంత

ఫొటోలోంచి ఎర్రచొక్కా కుర్రాణ్ణి తుడిచేసరికి అతని భుజం వెనక నుంచి సగం పండుగప్ప చేప బయటపడింది. ప్రసూన ఆ ముక్కను కూర్పరి యంత్రానికి అప్పగించి తర్వాతి ఫొటోను రప్పించుకుంది. కొత్త పెళ్లిజంట. ఇద్దరినీ తుడిచింది. పెళ్లికూతురి జడ పక్కన ఒక గంప అంచూ, దాన్ని పట్టుకున్న వేళ్లూ దొరికాయి. కూర్పరి ఆ వేళ్లను తీసుకెళ్లి, నిన్న ఎవరో బామ్మగారి ఫొటోలో చిక్కిన మోచేతికి అతికించింది. అతుకు ఎక్కడా కనబడలేదు.

కాకినాడ పాత చిత్రశాల గోడ మీద కాత్యాయని వేసిన ‘చేపల సంత’ సముద్రం పాలై రెండు తరాలు దాటింది. గోడతో పాటు చిత్రశాల నిల్వలూ మునిగాయి. మిగిలిందల్లా ఛాయావాహిని. అంటే, ఆ రోజుల్లో జనం గోడ ముందు నిలబడి దిగి, చిత్రశాల బ్లాగుకు పంపిన ఫొటోలు. ముందు జనం, వెనక చిత్రం. జనాన్ని తీసేయడం తుడుపరిగా ప్రసూన పని. వాళ్ల చెవుల పక్కన, చంకల సందున మిగిలిన రంగును పోగేసి సంతను మళ్లీ నిలబెట్టడం కూర్పరి పని.

ఆమె కిటికీలోంచి హాల్లోకి చూసింది. గోడ లేని చోట వెలుగుతో గోడంత సంత నిలిచి ఉంది. బేరమాడే ఆడవాళ్లు, తడి ఇసుక, చేపల మీద మెరిసే పొద్దు. ఇన్నేళ్లుగా చూస్తున్నా ఆమెకు ఒళ్లు జలదరిస్తూనే ఉంటుంది. ఎవరెవరో తమ ముఖం కోసం తీసుకున్న ఫొటోలు, తెలియకుండానే ఒక మహాచిత్రాన్ని వీపున మోసుకొచ్చాయి మరి!

ఒక్క నడుమన మాత్రం ఖాళీ. నేల నుంచి నడుము ఎత్తు వరకు, ఒక చిన్నపిల్ల పట్టేంత చీకటి.

ఆ చీకటి చిత్రశాల స్వయంకృతం. రంగు ఆరగానే గోడకు ఎదురుగా నేల మీద పసుపు పాదాలు వేయించి, బ్లాగులో రాశారు: ‘పాదాల మీద నిలబడండి, ఫొటో దిగండి, మాకు పంపండి.’ జనం బుద్ధిగా అక్కడే నిలబడ్డారు. చిత్రాన్ని లోకానికి చూపిద్దామని చేసిన ఏర్పాటు చిత్రం నడిబొడ్డునే కప్పేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనేది ఇలాంటప్పుడే.

“ఏవమ్మా ప్రసూనా, అయ్యిందా?” అంటూ చిత్రశాల పెద్ద భానోజీ లోపలికి వచ్చాడు. “రేపు పొద్దున్నే తలుపులు తియ్యాలి. ఆ ఖాళీని ఊహాపూరణతో నింపించెయ్.”

“కూర్పరి అక్కడ రొయ్యల గంప పెడతానంటోందండీ.”

“గంపొద్దు. చిన్నపిల్లని పెట్టమను.” అతను గొంతు తగ్గించాడు. “కాత్యాయని గారమ్మాయి వచ్చారు, మంగతాయారు గారు. హాల్లో ఉన్నారు. నడుమ నిన్నే గీశానని వాళ్లమ్మ చెప్పిందిట. అదొక్కటీ చూసి పోతానంటున్నారు. ఎనభై దాటిన మనిషి, కాస్త సంతోషపడనీ.”

ప్రసూన హాల్లోకి వెళ్లింది. చక్రాల కుర్చీలో బక్కపలచని ముసలావిడ, చీకటి ముక్క మీంచి చూపు తిప్పకుండా కూర్చుని ఉంది.

“ఇంకా రాలేదేంటమ్మా నేను?” అందావిడ.

“మీరు చిన్నప్పుడు చూళ్లేదాండీ?”

“ఒక్కసారే తీసుకొచ్చింది అమ్మ. వెనకాల ఇంత వరస! వెతుక్కునేలోపే కాపలా ఆయన కానీ కానీ అని లాగేశాడు. ఆ ఏడే సముద్రం వచ్చేసింది. అమ్మ నిజంగానే గీసిందో, నన్ను ఊరుకోబెట్టడానికి అందో... ఇప్పటికీ తేలలేదమ్మా.”

ప్రసూన ఆ ఖాళీ వైపు చూసింది. ఒక్క మాట చెబితే చాలు, కూర్పరి రెండు జడల పిల్లను కాత్యాయని కుంచె వేసినట్టే గీసి పెడుతుంది. ఈవిడ కన్నీళ్లతో మురిసిపోతుంది. కానీ ఇన్నేళ్లు నిజం కోసం కాచుకున్న మనిషి చేతిలో యంత్రం కల్లను పెట్టడానికి ఆమెకు మనసు రాలేదు.

“కూర్పరీ, పూరణ ఆపు. నడుమన తుడిచిన వాళ్లందర్నీ వెనక్కి తీసుకురా.”

“మనుషులు చిత్రంలో భాగం కారు,” అంది కూర్పరి.

“తీసుకురా. ముఖం సరిగా పడలేదని బ్లాగు వాళ్లు వద్దనుకున్న ఫొటోలతో సహా.”

ప్రసూన వెనకే హాల్లోకి వచ్చిన భానోజీ చక్రాల కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఎర్రచొక్కా కుర్రాడు సంత మధ్యలోకి వచ్చి నవ్వాడు. అతను కరిగి పెళ్లిజంట వచ్చింది. బామ్మలు, నావికులు, చంటిబిడ్డను ఎత్తి చూపిస్తున్న తండ్రులు. ఎప్పుడో పోయిన వాళ్లంతా చేపల మధ్య, అదే పొద్దులో, నిన్ననే వచ్చినంత తాజాగా నిలబడి వెళ్తున్నారు. సంత మొదటిసారి కిటకిటలాడింది. ప్రసూన చేతులు జోడించిన సంగతి ఆమెకే తెలియదు.

అంతలో ఒక పిల్ల వచ్చింది. ఆ పిల్లకు ముఖం లేదు. అందరూ కెమెరా వైపు చూసిన చోట, ఆ పిల్ల ఒక్కతే వీపు తిప్పి, మునివేళ్ల మీద లేచి, గోడలోకి తొంగి చూస్తోంది. ఫొటో అంచున ఆమె చెయ్యి పట్టుకున్న మరో చెయ్యి. దాని వేళ్ల నిండా ఆరిన నీలిరంగు.

“ఆగు!” అంది ప్రసూన.

మంగతాయారు కుర్చీ చేతుల మీద బలం పెట్టి లేచింది.

“అది అమ్మ చెయ్యి,” అంది. ఆ నీలి వేళ్ల వైపు చెయ్యి చాపింది. తర్వాత చిన్నపిల్లలా నవ్వింది. “అమ్మ అబద్ధం చెప్పలేదమ్మా. నడుమన ఉన్నది నేనే. గీసినా గీయకపోయినా, చెయ్యి పట్టుకుని అక్కడ నిలబెట్టింది అమ్మే.”

“వ్యక్తిని గుర్తించాను,” అంది కూర్పరి. “నియమం ప్రకారం తుడవాలి. తుడుస్తారా?”

ప్రసూన భానోజీ వైపు చూసింది. అతను కళ్లు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

“చిత్రాన్ని ఎవరైనా తుడుస్తారా?” అంది ప్రసూన.

కూర్పరి ఆ పిల్లను సంత నడుమ అతికించింది; అతుకు ఎక్కడా కనబడలేదు.