పదకొండో గదిలో తడి అడుగులు

పదకొండో నంబరు గది నుంచి మూడో పిల్ల కూడా పెట్టె సర్దుకుంటోంది.

హన్మకొండలో కోచింగ్ సెంటర్లన్నీ గుంపుగా ఉండే వీధిలో సుకన్య నడిపే ఆడపిల్లల హాస్టల్ ఉంది. మొత్తం పద్నాలుగు గదులు. పదమూడింటిలో చోటు కోసం పిల్లలు కొట్లాడుకుంటారు. పదకొండోది — మొదటి అంతస్తు చివర, ఏసీ ఉన్న గది — ఊరికే ఇస్తానన్నా ఎవరికీ వద్దు.

రాత్రి ఒంటిగంట దాటాక అందులోకి ఎవరో వస్తారట. మనిషి కనబడదు. గోడ దగ్గర ఒక తడి అడుగు... దాని ముందు ఇంకొకటి... ఆ ముందు మరొకటి... మంచం దాకా. అక్కడ ఆగిపోతాయట.

ఎండాకాలమే వస్తుందట. చలికాలం రాదట.

దానికీ పిల్లల దగ్గర జవాబుంది. రెండేళ్ల కిందట ఆ గదిలో యమున అనే తొర్రూరు పిల్ల ఉండేది. ఏప్రిల్‌లో, సరిగ్గా పరీక్ష ముందర, చదువు వదిలేసి ఇంటికి వెళ్లిపోయింది. వెళ్లి బావిలో దూకిందని ఎవరో అన్నారు. విన్నవాళ్లు అవునన్నారు. అందుకే తడి కాళ్లు. అందుకే ఏప్రిల్. తన మంచం తను వెతుక్కుంటోంది...

సుకన్యకు నలభై ఏడేళ్లు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పదేళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత హాస్టల్ పెట్టింది. వేళకు తిని వేళకు పడుకునే పిల్లకు దెయ్యం కనిపించదని ఆమె నమ్మకం. నిరుడు రమ అనే పిల్ల ఏడుస్తూ ఆ గది ఖాళీ చేసినప్పుడు కూడా ఇదే మాట చెప్పి పంపింది.

ఈసారి పిల్ల పేరు ఫౌజియా. స్టేషన్ ఘన్‌పూర్‌లో టైలర్ పని చేసే ముక్తార్ కూతురు. ఒకసారి నీట్ రాసి కొద్దిలో సీటు పోగొట్టుకుంది. ఇది రెండోసారి. మూడోసారి రాయించనని తండ్రి ముందే చెప్పాడు. పరీక్ష ఇంకా పదహారు రోజులుంది.

శుక్రవారం పొద్దున ముక్తార్ ఫోన్ చేశాడు.

"మేడం, పిల్ల నిద్రపోతలేదట. ఫోన్ల ఒక్కటే ఏడుపు. ఐతారం వస్తాన, తోల్కపోత."

"పదహారు రోజులే ఉంది ముక్తార్ భాయ్. జర ఆగు."

"పరీక్ష ఫికర్ కాదు మేడం. పిల్ల దిమాక్ ఖరాబైతే ఎవరు జవాబుదారి?"

పిల్లకు గది మారుద్దామంటే వేరే గదులన్నీ నిండిపోయాయి.

నీళ్లు ఏసీవేమోనన్న అనుమానం ఆమెకు రాకపోలేదు. మెకానిక్ షకీల్‌ను ఆ నెలలోనే మూడుసార్లు పిలిపించింది. అతను ఫిల్టర్ కడిగాడు. ఏసీ లోపల నీళ్లు చేరే ట్రే శుభ్రం చేశాడు. ట్రేలో చెంబెడు నీళ్లు పోసి, వెనక వాష్ ఏరియాలోకి దిగిన పైపు చూపించాడు. నీళ్లు ఎక్కడా నిలవకుండా వచ్చేశాయి.

"చూడుండ్రి మేడం, ధార కట్టి పోతాంది. ఏసీల ఏం లేదు. ఇగ దెయ్యమంటరా... అది నా సర్వీసింగుల రాదు."

మూడుసార్లూ అతను వచ్చింది పగటిపూట.

ఆ సాయంత్రం ఫౌజియా కిందికి వచ్చింది. కళ్ల కింద నల్లటి చారలు. చేతిలో క్యాలెండర్. దాని మీద పెన్సిల్ గుర్తులు తొమ్మిది.

"నేను అబద్ధం చెప్తలేను మేడం. వచ్చిన రాత్రల్ల గీత గీసిన."

సుకన్య చూసింది. ఒక రోజు గీత, ఒక రోజు ఖాళీ. మళ్లీ గీత, మళ్లీ ఖాళీ.

"ఈ రాత్రి వస్తది," అంది ఫౌజియా గొంతు తగ్గించి.

"నీకెట్ల తెల్సు?"

"నిన్న రాలేదు గద మేడం."

సుకన్యకు వీపు మీద ఎవరో వేలితో గీసినట్టయింది. భయపడ్డ పిల్ల ఏదైనా ఊహించుకోవచ్చు. కానీ ఊహ ఇంత క్రమంగా రోజు విడిచి రోజు రాదు.

"నా దిండు పైకి తీస్కపో," అంది. "ఇయ్యాల నేను పండుకుంట ఆ గదిల."

అన్నాల దగ్గర పిల్లలు ఊరుకుంటారా? "మేడం, పొద్దున మీ చాయ్ పైకి తేవాల్నా, దవాఖానకు తేవాల్నా?" అందొకతి. సుకన్య కూడా నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

పదింటికి ఏసీ వేసి, దీపం ఆర్పారు. సుకన్య మంచం మీద. ఫౌజియా తలుపు పక్కన చాప మీద — దుప్పటి తల మీదికి లాక్కుని.

పదకొండు... పన్నెండు... కింద వాచ్‌మన్ యాకయ్య దగ్గు కూడా ఆగిపోయింది.

నిద్ర పట్టీపట్టనట్టుండగా —

టప్.

సుకన్య కళ్లు తెరిచింది.

టప్... టప్...

"మేడం," చాప మీది నుంచి గుసగుస. "వచ్చింది."

ఫోన్ వెలుగు నేల మీద పడింది. గోడకు జానెడు దూరంలో తడి మచ్చ, అరికాలంత. దాని ముందు ఇంకొకటి. ఆ ముందు మూడోది. నాలుగోది... చూస్తుండగానే పడుతోంది. మనిషి లేదు. అడుగే పడుతోంది.

ఐదోది మంచం అంచు మీద పడింది. చల్లగా — సుకన్య మెడ మీదే చెయ్యి వేసినట్టు.

ఆ చల్లదనానికి రెండేళ్ల కిందటి పొద్దున గుర్తొచ్చింది. అన్నాల హాల్లో, అందరి ముందు, యమున వచ్చి చెప్పింది: "మేడం, రాత్రి నా పక్క తడుస్తాంది." తను పని తొందరలో ఉంది. "పద్దెనిమిదేండ్లొచ్చినయ్. పక్క తడుస్తాందని చెప్పుకోను సిగ్గులేదా?" అంది. హాలంతా నవ్వింది. నాలుగో రోజు యమున వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏమైందో సుకన్య ఎన్నడూ ఫోన్ చేసి అడగలేదు. బావి మాట అబద్ధమని పిల్లలను కసిరిందే గాని... అబద్ధమని తనకు మాత్రం ఏం తెలుసు?

అప్పుడు వినిపించింది. గోడ అవతల నుంచి.

గుడగుడ... గుళ్... గుడగుడ...

నీళ్లు మింగుతున్న గొంతు.

ఫౌజియా దుప్పటిలోనే ఏడవడం మొదలుపెట్టింది. సుకన్య లేచింది.   ఈ గదిలోంచి మూడో పిల్లను పంపేసి మళ్లీ ఏమీ ఎరగనట్టు ఉండటం ఇక ఆమె వల్ల కాదు.

వాష్ ఏరియా తలుపుకు రాత్రి తొమ్మిదికే తాళం పడుతుంది. తాళం తీసింది. తలుపు తోసింది —

ఎదురుగా నిలబడి ఉంది.

ఛాతీ ఎత్తు. పొట్టిగా, లావుగా, కదలకుండా. తల తెల్లగా. మెడ చుట్టూ తెల్లగుడ్డ. తల మీది నుంచి జారి, నడుం దాకా వేలాడి, మళ్లీ గోడ మీదికి పాకిన నల్లటి జడ. మెడ గుడ్డ నుంచి నీళ్లు. గుడగుడమంటోంది దాని గొంతే.

సుకన్య చేతిలో ఫోన్ జారింది. జారిన ఫోన్ వెల్లకిలా పడి, వెలుగు పైకి కొట్టింది.

మూల పడేసిన పాత కూలర్. దాని మీద తెల్లటి ప్లాస్టిక్ క్యాన్, మూతి దాకా నిండి ఉంది. ఆ మూతిలోకి ఏసీ నల్ల పైపు దూర్చి, చుట్టూ పాతగుడ్డ బిగించి కుక్కి ఉంది.

కాసేపు అలాగే చూసింది. తర్వాత గుడ్డ పీకి, పైపు బయటికి లాగి కిందికి వదిలింది. భళ్లున నీళ్లు వచ్చి ఆమె పాదాల మీద పడ్డాయి. గుడగుడ ఆగింది.

గదిలోంచి ఫౌజియా కేక: "మేడం! ఆగింది... అడుగులు ఆగినయ్!"

తెల్లవారుజామున నాలుగింటికి మెట్లు తుడిచే సమ్మమ్మ చీపురుతో పైకొచ్చి, క్యాన్ పక్కనే కాచుకుని కూర్చున్న సుకన్యను చూసి అదిరిపడింది.

"ఓయమ్మో! దెయ్యమనుకున్న గదమ్మా!"

"ఈ క్యాన్ పెట్టింది నువ్వేనా?"

"నేనే. నల్లా రాని రోజు పెడ్త. పొద్దుగాల ఆ నీళ్లు తీసి, పైపు ఎప్పటి లెక్క కిందికిడుస్త. మెట్లు దేంతోని తుడువాలె మరి?"

నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. దెయ్యం కూడా అంతే.

"ఎవరు పెట్టమన్నరు నిన్ను?"

సమ్మమ్మ ఆమెను వింతగా చూసింది. "మీరే అంటిరి. ఆ తొర్రూరు పిల్ల ఉన్నప్పుడు. 'ఏసీ నీళ్లు ఉత్తగ పోతానయ్, పట్టు' అని. గుడ్డ గూడ మీరే కుక్కమంటిరి — దోమలు గుడ్లు పెడ్తయని."

సుకన్య చీపురు పట్టుకున్న మనిషిని దాటుకుని కిందికి వెళ్లిపోయింది.

పొద్దున్నే షకీల్ వచ్చి తల పట్టుకున్నాడు. పైపు కిందికి జారి మళ్లీ పైకెక్కితే నీళ్లు మధ్యలో నిలుస్తాయి. మూతి నీళ్లలో మునిగి, గుడ్డ బిగించి ఉంటే లోపలి గాలి బయటికి పోదు. నీళ్లు వచ్చిన దారినే వెనక్కి తిరిగి ట్రే నిండి గదిలో కారతాయి. ఏసీ రెక్క పైకీ కిందికీ ఊగుతుంటే, చుక్క ఒకసారి గోడ దగ్గర, ఒకసారి దూరంగా పడుతుంది. అవే అడుగులు.

"పగలు నేనొస్తే ఏం దొర్కుతది మేడం?" అంటూ పైపు పొట్టిగా కోశాడు. గోడ నుంచి వంపు లేకుండా కిందికి దించాడు. నీళ్లు పట్టుకోవాలంటే బకెట్ కింద పెట్టుకోవాలి, పైపు మూతి బకెట్ అంచుకు బెత్తెడు పైనే ఉండాలి. ఫిల్టర్ పదిహేను రోజులకోసారి కడగాలి. ఎండాకాలం ముందు ట్రేలో చెంబెడు నీళ్లు పోసి చూసుకోవాలి.

షకీల్ వెళ్లాక సుకన్య పాత రిజిస్టర్ తీసింది. యమున నంబరు ఉంది. నొక్కింది.

మోగుతోంది... మోగుతోంది... ఎవరూ ఎత్తలేదు.

మళ్లీ చేసింది. రాత్రి ఆ తలుపు తీసినప్పుడు కూడా గుండె ఇంతగా కొట్టుకోలేదు.

"హలో, ఎవరు?"

సుకన్య కుర్చీలో కూర్చుంది. "యమునా... నేను, హాస్టల్ సుకన్యను."



"ఏంది మేడం, బతికున్ననో లేదో చూస్తాన్రా? బాయిల దూకిన్నట గద నేను. రమ ఫోన్ జేసి చెప్పింది."

"ఆ నీళ్లు ఏసీవి యమునా. తప్పు నాది."

"నీళ్లేనని నేను గప్పుడే చెప్పిన గద." గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. "ఇప్పుడు విత్తనాల షాపుల చేస్తాన. గిరాకీ వచ్చింది, పెడ్త." పెట్టబోయి ఆగింది. "మేడం... ఆ గదిల ఉన్న పిల్లను ఏమన్న అడిగేదుంటే, అందరి ముందట అడగకుండ్రి."

ఆ రాత్రి అన్నాల హాల్లో, అందరి ముందే, సుకన్య తను యమునను ఏమందో చెప్పింది. ఎందుకు తప్పో చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

ఆదివారం ముక్తార్ వచ్చాడు. క్యాన్ చూశాడు, కూలర్ చూశాడు, పొడి నేల తడిమి చూశాడు. "గీ డబ్బాకా ఇంత కథ!" అని కూతురి వైపు తిరిగాడు. ఫౌజియా పుస్తకంలోంచి తలెత్తలేదు. తెచ్చిన ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకుని, సాయంత్రం బండికి ఒక్కడే వెళ్లిపోయాడు. పిల్ల పరీక్ష రాసింది.

సుకన్య ఆ ఆదివారమే తనకు తాను ఒక నియమం పెట్టుకుంది. ఏ పిల్లయినా రాత్రి ఏదో కనిపించిందంటే, ఏదో వినిపించిందంటే, తెల్లవారేదాకా ఆగమనదు. ఆ రాత్రే, ఆ గదిలోనే, దిండు తీసుకెళ్లి పడుకుంటుంది.

ఇప్పటికి ఆరుసార్లు పడుకుంది. ఐదుసార్లు కారణం దొరికింది — ఎలుక, వదులైన కిటికీ రెక్క, అలాంటివి.

ఆరోసారి సంగతి ఎవరికీ చెప్పదు. అడిగితే మాట మార్చేస్తుంది. కానీ పిల్ల పిలిస్తే దిండు పట్టుకుని వెళ్లడం మాత్రం మానలేదు.