బుడ్డు పుట్టినరోజు పునీతుడు

"బుడ్డూ, ఇది నీ పనేనా?"

చిలక చేతిలో పునీత సిసీలియా, అంటే సెయింట్ సిసీలియా, బొమ్మ ఉంది. ఆ పునీతురాలికి ఇప్పుడు మీసం ఉంది. నల్ల స్కెచ్ పెన్నుతో గీసిన, రెండు కొనలూ మెలితిప్పిన మీసం.

చిలకంటే పక్షి కాదు, పదేళ్ళ పిల్ల. నోరు మూతపడదని వాళ్ళమ్మ పెట్టిన ముద్దుపేరు. పాటలు పాడేవాళ్ళకు అండగా ఉంటుందని చెప్పే సిసీలియా పండుగ రోజే చిలక పుట్టింది. అందుకే ఆ బొమ్మంటే ప్రాణం. ఆదివారం చర్చిలో పిల్లలకు జరిగే సత్యోపదేశం తరగతిలో ఆమె కథ చెప్పి, బొమ్మను అందరికీ చూపించాలి.

మీసంతో ఇంకా బాగుంది కదక్కా అన్నాడు ఏడేళ్ళ తమ్ముడు. వాడు నిజంగానే అలా అనుకున్నాడు, పాపం.

చిలకకు ఒళ్ళు మండిపోయింది. వంటగది గోడకు చర్చి క్యాలెండర్ ఉంది. అందులో చాలా తేదీల కింద, ఆ రోజు పండుగ జరుపుకునే పునీతుల పేర్లు చిన్న అక్షరాల్లో వేసి ఉంటాయి. బుడ్డు పుట్టిన తేదీ కింద ఏమీ లేదు. అంతమంది పేర్లు క్యాలెండర్‌లో పట్టవని, ప్రతి రోజూ ఎవరో ఒక పునీతుల పండుగ ఉంటుందని టీచర్ చెప్పింది. చిలకకు ఆ సంగతి తెలుసు. తెలిసే అంది.

"చూడు, నీ రోజున ఎవరూ లేరు. పరలోకంలో నీ తరఫున మాట్లాడేవాళ్ళే లేరు. ఎంత పిలిచినా నీకెవరూ పలకరు."

బుడ్డు క్యాలెండర్ వంకే చూస్తూ నిలబడ్డాడు. రెండు దెబ్బలు వేసినా అంత చిన్నబోయేవాడు కాదు. కసి తీరిందనుకుని చిలక హోంవర్క్ ముందేసుకుంది.

వాళ్ళింట్లో సాయంత్రం ప్రార్థన చివర ఒక్కొక్కరూ తమ పుట్టినరోజు పునీతుల్ని పిలుస్తారు. బుడ్డు పునీతుడెవరో ఫాదర్‌ని అడగాలని అమ్మ ఎప్పటినుంచో అనుకుంటోంది. టైలరింగ్ షాపు పనిలో పడి కుదరలేదు. వాడు మాత్రం పేరు తెలియకపోయినా ఏ లోటూ అనుకోకుండా, "నా పునీతుడా, నా కోసం వేడుకో" అని గట్టిగా అనేవాడు.

ఆ సాయంత్రం వాడు నోరు విప్పలేదు. దేవుడి దగ్గర మొండితనమేంట్రా అని అమ్మ కోప్పడింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఎందుకో చిలకకు ఒక్కదానికే తెలుసు. ఊరందరి కబుర్లూ చెప్పే నోరు, చెప్పాల్సిన ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేకపోయింది.

తర్వాతి వారం బుడ్డుకి టాన్సిల్స్ ఆపరేషన్. వాణ్ణి తీసుకెళ్ళడానికి నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. వాడి కాళ్ళు కింది పలకకు కూడా అందలేదు.

"భయపడకు నాన్నా. నీ పునీతుణ్ణి తలుచుకో," అంది అమ్మ.

"నాకెవరూ లేరమ్మా. అక్క చూసింది."

అమ్మ చిలక వైపు తిరిగింది. చిలక కుర్చీ పక్కకు వచ్చింది.

"అది అబద్ధంరా బుడ్డూ. కోపంలో అన్నాను. నీకూ ఉన్నారు."

"పేరేంటి?"

చిలకకు తెలియదు.

"చూశావా," అన్నాడు బుడ్డు. "నేను ఏడవకూడదని ఇప్పుడు చెప్తున్నావు."

కుర్చీ తలుపు దాటి వెళ్ళిపోయింది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు.

చిలక జరిగిందంతా వెక్కుతూ చెప్పింది. అమ్మ తిట్టలేదు. ఇన్నాళ్ళూ వాణ్ణి ఊరికే కోప్పడ్డానే అని మాత్రం అంది. తిట్టి ఉంటేనే బాగుండుననిపించింది చిలకకు. అబద్ధం ఎంత తేలిగ్గా నమ్మాడు వాడు! నిజం చెబితే పేరేంటని అడిగాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు పొద్దున్నే చిలక చర్చికి వెళ్ళి, ఒక్క ముక్క కూడా దాచకుండా ఫాదర్‌కి చెప్పింది. ఆయన బీరువాలోంచి పునీతుల చరిత్రల లావుపాటి పుస్తకం తీసి, బుడ్డు పుట్టిన తేదీ వెతికారు. కథ చదివి వినిపించారు. చిలక ఆ పుస్తకమే కావాలంటే, ఇంత బరువు ఎందుకమ్మా, వెళ్ళి నువ్వే చెప్పు అన్నారు.

"నేను చెబితే వాడు నమ్మడు ఫాదర్."

ఆయన పుస్తకం ఇచ్చారు. చిలక దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకుని ఆసుపత్రికి నడిచింది. దారంతా ఆ కథ నాలుక చివరే ఉంది.

మంచం మీద పుస్తకం పెట్టి, వాడు పుట్టిన తేదీ ఉన్న పేజీ తెరిచి, "నేనేం చెప్పను. నువ్వే చదువుకో," అంది.

బుడ్డు వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, గుసగుసగా చదివాడు. బెనెజెట్ అనే గొర్రెల కాపరి పిల్లవాడు. పెద్ద నదికి వంతెన కట్టిస్తానన్నాడు. అందరూ నవ్వారు. ఎంతోమంది కదపలేని బండరాయిని అతనొక్కడే ఎత్తాడని చెబుతారు. బుడ్డు వేలు అక్కడ ఆగింది.

"అమ్మా, ఇది అక్క రాసింది కాదు కదా?"

"కాదు నాన్నా. అచ్చు పుస్తకం. ఫాదర్‌గారిది."

వాడు అట్ట తిప్పి చూసుకుని మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. చిలక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పుస్తకం బరువుకు వాడి చేతులు వంగిపోతున్నాయి. చిలక కింద చేయి పెట్టి ఎత్తి పట్టుకుంది. ఒక్కో మాట దగ్గర వాడు ఎంతసేపు తడుముకున్నా తను ముందు అనలేదు.

పేజీ చివర ఆ పేరు మళ్ళీ వచ్చింది. బుడ్డు నొప్పి పెడుతున్న గొంతుతోనే, "బె-నె-జెట్" అని పలికాడు. సరిగ్గా చదివానా అన్నట్టు తలెత్తి చూశాడు. అమ్మ వైపు.

చిలక తల దించుకుని, పుస్తకం జారిపోకుండా పట్టుకుంది.