ఖాళీ చేయని అరుగు

కోదండరాం మీద కుముదినికి మొదట కలిగింది ఒళ్ళు మండిపోయేంత కోపం.

కార్తీకమాసపు తుఫానుకు కాలువ పొంగి, పట్నంలోని చూలై పేట వెనకవైపు గుడిసెలన్నీ కొట్టుకుపోయాయి. బడిపంతులు కోదండరాం ఆ జనాన్ని వెంటబెట్టుకొచ్చి, మిరపకాయల వ్యాపారి శేషాచలంగారి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాడు. వాన వెలిసేదాకా ఉండనిస్తానని శేషాచలం ఒప్పుకున్నాడు. ఆయన కూతురు కుముదిని పాతచీరలు మూటగట్టి తెచ్చింది. కోదండరాం ఒక చీర విప్పి, చిరుగులోంచి వేళ్ళు పోనిచ్చి చూసి, మూటను తిరిగి ఆమె చేతుల్లోనే పెట్టాడు.

"ఇవి మీరు కట్టుకుంటారా?"

"ఊరికే ఇచ్చేదానికి ఇంత సెలెక్షనా, సార్?"

"గుడిసె పోయిందండీ. సిగ్గు పోలేదు."

కుముదిని విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. చివరికి పెట్టె తెరిచి, తాను కట్టుకునే చీరలన్నీ తెచ్చి అతని ముందు పెట్టింది, ఇప్పుడేమంటావన్నట్టు.

అతను చీరల వంక చూడలేదు. "మరి రేపు మీరేం కట్టుకుంటారు?" అన్నాడు మెల్లగా.

"అది మీకెందుకు?" అంది గానీ, నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకోవలసి వచ్చింది.

మర్నాటి నుంచి గుడిసె పోగొట్టుకున్న పచ్చయమ్మతో కలిసి పెరట్లో గంజి కాచింది. కోదండరాం నీళ్ళు మోశాడు. గంజిలో ఉప్పు తక్కువని అతను అంటే, బడిలో పిల్లలకూ ఇలాగే వంకలు పెడతారా అని ఆమె అడిగేది. వాన సన్నగా పడుతూనే ఉంది. అది వెలవకపోతే బాగుండునని కుముదినికి అనిపించి, వెంటనే అరుగు మీది పసిబిడ్డలను చూసి సిగ్గుపడింది.

వాన వెలిసింది. టి. నగర్ వాళ్ళు కుముదిని పెళ్ళిచూపులకు వస్తున్నారు, అరుగు ఖాళీ చేయించమన్నాడు శేషాచలం. గుడిసెలున్న చోట ఇంకా మోకాలిలోతు బురద ఉందని కోదండరాం ఎంత బతిమాలినా వినలేదు. పచ్చయమ్మ చాప చుట్టసాగింది.

కుముదిని వచ్చి మెట్ల మీద అడ్డంగా నిలబడింది.

"ఎవరూ లేవబాకండి. నాయనా, వచ్చేవాళ్ళు వీళ్ళ మధ్యనుంచే రానీ. రాలేనోళ్ళ ఇంట్లో నేను బతకలేను."

"ఇదంతా ఈ పంతులు నేర్పినాడా?"

"ఆయన నేర్పలా. చేసుకుంటే మాత్రం ఆయన్నే చేసుకుంటా."

వీధి వీధంతా వింటోంది. కోదండరాం చేతిలోని బిందె దించాడు.

"నాకూ ఇష్టమేనండీ," అన్నాడు శేషాచలంతో. తల వంచలేదు. "గెంటేస్తే వీళ్ళతో పాటు నన్నూ గెంటండి."

శేషాచలం కూతురి మొహంలోకి చూశాడు. పుట్టినప్పటినుంచీ ఆమె పట్టు ఆయనకు తెలుసు. చివరికి అరుగు అంచున కూలబడి, పచ్చయమ్మను చాప పరుచుకోమన్నాడు.

"ముందు ఆడ గుడిసెలు లెయ్యనీ," అన్నాడు కోదండరాంతో. "ఆనక మీ అమ్మను తీసుకుని రా."

ఆయన లోపలికి వెళ్ళాక కోదండరాం ఆమె దగ్గరికొచ్చాడు.

"నన్నొక మాటైనా అడక్కుండా చెప్పేశారే?"

"మీరు అడిగేదాకా ఆగుంటే," అంది కుముదిని, "ఇంకో తుఫాను వచ్చేసుండేది."