కావిలింత కొలత

2084 నాటికి చెట్టు వయసు తెలియాలంటే దాన్ని కొట్టి చూడనక్కర్లేదు, కావిలించుకుంటే చాలు. వలయదర్శిని అనే పరికరం చూడ్డానికి ఓ జత చేతొడుగులే. అవి తొడుక్కుని మానును వాటేసుకుంటే ఒక అరచేతి నుంచి బయల్దేరిన ధ్వనితరంగం కాండంలోని వలయాలన్నీ దాటి రెండో అరచేతికి చేరుతుంది. దాన్నిబట్టి పరికరం వయసు పలుకుతుంది. మూడు వందలేళ్లు దాటిన చెట్టు జోలికి ఎవరూ పోకూడదని చట్టం. స్టాండుకు తగిలించి దొంగ కొలతలు తీసినవాళ్లు ఉండబట్టి, మనిషి చేతులతో తీసిన కొలతే చెల్లుతుందని కూడా రాశారు.

పాడేరు కొండల్లో చెట్లను కాపాడే పిల్లల జట్టు, యువ తరుదళం, ఆ వేసవిలో నలభై చెట్లు కొలిచింది. నలభైకి నలభయ్యీ మూడు వందలేళ్లు దాటాయి! వలయదర్శినిని తయారుచేసిన వంతల సుభాషిణికి అనుమానం వచ్చింది. కొత్త రోడ్డుకు అడ్డంగా ఉన్న చింతచెట్టుకు చేతొడుగుల్ని చెక్క స్టాండుతో ఆనించి చూసింది. 291. దళం నాయకురాలు పాంగి జమున కొలిస్తే 316.

"నీ గుండెచప్పుడు కూడా వలయాల్లో కలిసిపోతోందే పిల్లా. ఎంత ఇష్టముంటే అన్నేళ్లు ఎక్కువ."

"అయితే ఎవరికీ చెప్పకక్కా. చెట్టు కొట్టీస్తారు," అంది జమున ఏడుపు గొంతుతో.

సుభాషిణికీ చెప్పాలని లేదు. అయినా తుది కొలతకు రోడ్డు ఇంజనీరు దాట్ల వరహాలరాజు రాగానే ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆయన నవ్వాడు. "నేను కొలుస్తానమ్మా. కొట్టడానికొచ్చినోణ్ణి, నాకేటి ప్రేమ?" కొమ్మల నిండా వేలాడే కాయలు చూసి, "చింత చచ్చినా పులుపు చావదంటే ఇదేనేటి!" అన్నాడు.

చేతొడుగులు వేసుకుని మానుకు చెంప ఆనించాడు. బెరడు వెచ్చగా ఉంది. భార్య పోయి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో ఆయన ఎవరినీ కావిలించుకోలేదు, ఆయన్నీ ఎవరూ దగ్గరికి తీసుకోలేదు.

"మూడు వందల నాలుగు," అంది వలయదర్శిని.

ఆయన చేతులు తియ్యలేదు.

"రాజుగారూ, అందులో పదమూడేళ్లు చెట్టువి కావండీ," అంది సుభాషిణి మెల్లగా.

"మిషన్ చెప్పిందే రాసుకోండమ్మా," అన్నాడు కళ్లు తెరవకుండానే. "ఇంకోసారి కొలవమంటే కొలుస్తాను."

ఎవరూ అడగలేదు. అయినా కొలిచాడు. ఈసారి మూడు వందల ఇరవై.